అదరని గిటారు

కొండగట్టు అంజన్న మీద ఒట్టు. నా రెండు కళ్ళ మీద, నాకు అన్నం పెడుతున్న మైకు సెట్ల మీద ఒట్టు. ఇక్కడ రాస్తున్న ప్రతి ముక్కా జరిగిందే. ఇన్ని ఒట్లు ఎందుకంటే, కోరుట్లలో నేను వాన పడుతోందని చెబితే జనం ముందు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటారు. తడిసిన చెయ్యి లోపలికి తీసుకున్నాక కూడా, "మీదికెల్లి ఎవలో నీళ్ళు పారవోసినట్టున్నరు" అంటారు.

నాకు టెంటు హౌజు ఉంది. కుర్చీలు, షామియానాలు, వంట గిన్నెలు, మైకు సెట్లు కిరాయికి ఇస్తాను. కథలు మాత్రం ఊరికే ఇస్తాను. మా మైకు మోతకు మెట్‌పల్లిలో పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకు, తన పెళ్ళి అయిపోయిందనుకుని లేచి భోజనాలకు పోయాడని నేను చెప్పిన మాట నిజమే. పోయాడా లేదా అన్నది నన్ను అడగొద్దు. ఇది అలాంటి సంగతి కాదు. ఇది మా బావ సంగతి.

మా బావ అంటే మా అక్క పెనిమిటి. సిరిసిల్లలో సాంచలు నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. మీసం రాకముందే షెడ్డులో అడుగుపెట్టాడు, ఇప్పుడా మీసం తెల్లబడింది. ఆ షెడ్లలో మోత చెవిలోంచి ఎక్కదు, అరికాళ్ళలోంచి ఎక్కుతుంది. అందుకని లోపల ఎవరూ గొంతు చించుకోరు. పెదవులు కదుపుతారు, వేళ్ళు ఆడిస్తారు, ఈ మూల నుంచి ఆ మూలకు ఇంటి గొడవలన్నీ చెప్పుకుంటారు. మా బావ చెవులు ఎప్పుడు పోవడం మొదలైందో ఆయనకే తెలియదు. రోజంతా చెవులతో పని లేని చోట ఉండే మనిషికి, అవి తగ్గుతున్న సంగతి ఎవరు చెబుతారు? మా అక్కే మొదట గుర్తుపట్టింది. పొయ్యి మీద కుక్కర్ కూతల మీద కూతలు పెడుతుంటే, ఎదురుగా కూర్చుని తాపీగా గోళ్ళు తీసుకుంటున్నాడట.

ఈ మనిషే ఒకప్పుడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. పెళ్ళిళ్ళ కాలం రాగానే ఆసామికి, అంటే సాంచల యజమానికి, జ్వరమని చెప్పి షెడ్డు ఎగ్గొట్టి వచ్చేవాడు. మైకులు నావి, గిటారు మాత్రం ఆయనది కాదు. అది ఆర్కెస్ట్రా నడిపే మనిషిది. ఆఖరి పాట కాగానే అతను గిటారును పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. మా బావ ఆ పెట్టె వైపు చూసే చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత డీజే డబ్బాలు వచ్చాయి. ఆర్కెస్ట్రా పోయింది, పెట్టె పోయింది. ఆయన మళ్ళీ గిటారు పట్టలేదు.

రెండేళ్ళ కిందట కరీంనగర్‌లో డాక్టరుకు చూపించారు. ఎడమ చెవి పోయిందనీ, కుడి చెవిలో కొంచెం మిగిలిందనీ, అది కూడా ఎంతకాలం ఉంటుందో చెప్పలేననీ అన్నాడు. చెవి మిషను పెట్టి చూడమన్నాడు. మా బావ దాన్ని ఒక పూట పెట్టుకుని తీసి మా అక్క చేతిలో పెట్టాడు.

"గిన్నెల సప్పుడు పెద్దగ ఇనవడుతుంది. నువ్వు తిట్టుడు పెద్దగ ఇనవడుతుంది. పాట పెడితే పలిగిన రేకు కొట్టినట్టు ఇనవడుతుంది. గింత మాత్రానికి పైసలు పెట్టుడెందుకు?"

ఆ మిషను కోసం దాచిన డబ్బుతో గిటారు కొంటానన్నాడు. ఆర్కెస్ట్రాలో వాయించినటువంటిదే, కరెంటుదే కావాలన్నాడు. మా అక్క నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావకు పిస లేసింది. చెవులు పోతుంటే గిటార్ కొంటడట. నువ్వన్న చెప్పరాదు."

"నేను చెప్తే ఇంటడా అక్కా? చెవులు ఇనవడయి కదా."

"నీ నోరు పాడుగాను" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నా తోని ఏమన్నడో ఎర్కేనా? చెవి ఉన్నకాడికన్న ఇంట, పోయినంక నాకు మిషినెందుకు, గిటారెందుకు అన్నడు. నాకేం చెప్పరాలే. కొనేది కొనుండ్రి గని మంచిది కొనుండ్రి. అగ్గువకు దొరికిందని నాసిరకం తెచ్చి పడెయ్యకుండ్రి. ఆయన బతుకుల గీ ఒక్కటే కొనుక్కునుడు" అంది.

అలా నేను కోరుట్ల నుంచి, ఆయన సిరిసిల్ల నుంచి బస్సెక్కి జగిత్యాల బస్టాండులో కలుసుకున్నాం. నన్ను పిలవడానికి కారణం సంగీతం కాదు, బేరం. మా చుట్టాల్లో ఎవరు ఏది కొన్నా అబద్ధాలు ఆడటానికి నన్ను తోడు తీసుకుపోతారు.

గడియారం టవర్ దగ్గరి సందులో, మెట్లెక్కి పోతే ఆ దుకాణం. హార్మోనియాలు, డోలకులు, భజన తాళాలు. గోడకు నాలుగైదు మామూలు గిటార్లు, రెండే రెండు కరెంటువి. యజమాని గోరింటాకు పెట్టిన గడ్డంతో, కళ్ళజోడు ముక్కు చివరకు దించుకుని కూర్చున్న పెద్దమనిషి. ఒక గిటారు కొత్తది, ఎర్రగా నిగనిగలాడుతోంది. "నయా చీజ్ భాయ్. ఏడు వేలు. నేర్సుకునేటోళ్ళకు నడుస్తది" అన్నాడు. రెండోది వాడినది, చెక్క రంగులో ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి ఎవరో తెచ్చి అమ్ముకున్నాడట. "అసలీ మాల్. ఇరవై రెండు. ఒక్క రూపాయి తక్కువైతే మా ఇంట్ల నన్ను రానియ్యరు."

నేను గొంతు సవరించుకున్నాను. "భాయ్, ఈయన ఎవలనుకుంటున్నవ్? ఒక్కసారి వేములాడల ఈయన తీగ మీటితే, గుడి కాడ కట్టేసిన కోడెలన్ని నెమరేసుడు ఆపి నిలవడ్డయి. పూజారులే అచ్చి, అయ్యా జెర ఆపు, మొక్కులు ఆగినయి అని దండం పెట్టిండ్రు. గసొంటి మనిషి నీ దుకాణం మెట్లెక్కిండు."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు. "గదేం పెద్ద సంగతి భాయ్. గీ గిటార్ మా దుకాణంలకు అచ్చిన రోజు, గోడకున్న డోలకులన్ని వాటంతటవే దరువేసినయి. నేను మొక్కలకు నీళ్ళు పోస్తున్న, చెంబు కింద పడ్డది. సూడు, సొట్ట ఇంక గట్లనే ఉన్నది" అని సొట్ట పడిన చెంబు ఒకటి చూపించాడు.

నా దగ్గర కథలున్నాయి గానీ సాక్ష్యాలు ఎప్పుడూ లేవు. నేను వెనక్కి తగ్గాను. మా బావ ఇద్దరి నోళ్ళూ చూస్తూ నిలబడ్డాడు. "ఇద్దరు అబద్దాలే ఆడుతున్నరు. మూతులు ఒక్క తీర్గనే కదులుతున్నయి" అన్నాడు. ఆ పెద్దమనిషి మొదటిసారి నవ్వాడు.

ఆయన గిటారుకు వైరు తగిలించి స్పీకరు డబ్బా ఆన్ చేయబోతుంటే మా బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "డబ్బ అద్దు. డబ్బ పెడితే చెవి కావాలె. నాకు చెయ్యి సాలు."

సరుకు బాగుందా లేదా అన్నది నాకు తెలిసింది కుర్చీల దగ్గరే. అగ్గువ కుర్చీ, పిరం కుర్చీ పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. ఎవరి మామగారో కూర్చున్నప్పుడే తేడా తెలుస్తుంది. గిటారు మీద ఎవరూ కూర్చోరు కాబట్టి నేను దగ్గరికి పోయి చూశాను. ఎర్రదాని బిరడలు తిప్పి వదిలితే తీగ మెల్లగా దిగిపోతోంది. మెడ మీది లోహపు గీతల అంచులు వేలికి గీరుకుంటున్నాయి. ఎత్తి చూస్తే ఉత్త డబ్బాలా తేలిక. రెండోదాని బిరడలు బిగించిన చోటే ఉన్నాయి. అంచులు ఎవరి వేళ్ళకో అరిగి నున్నగా ఉన్నాయి. బరువు కూడా ఉంది. సంగీతం రాని నాకే ఏది మంచిదో తెలిసిపోయింది. ధరలో తేడా మూడింతలు. ఆ తేడాకు కారణం కళ్ళ ముందే ఉంది.

మా బావ ఎర్ర గిటారు తీసుకుని, మెడ పక్కన ముందుకు పొడుచుకొచ్చిన దాని కొమ్మును దవడ ఎముకకు ఆనించి తీగ మీటాడు. కళ్ళు మూసుకున్నాడు. కింది వైపు చెయ్యి వేసి పట్టుకున్న నాకు కూడా, జేబులో ఫోన్ మోగినట్టు అరచెయ్యి జిల్లుమంది. మళ్ళీ మీటాడు. ఇంకో తీగ. ఇంకో తీగ. చాలాసేపు ఆ కొమ్మును దవడ నుంచి తియ్యలేదు. ఆ తర్వాత రెండోది తీసుకుని అలాగే ఆనించాడు. మీటి, కళ్ళు తెరిచాడు.

"గిది అదురుతలేదు" అన్నాడు.

సాంచ నడిపే వాళ్ళు అలవాటుగా చేసే పని ఒకటుంది. నడుస్తున్న సాంచ చట్రం మీద అరచెయ్యి వేస్తారు. చట్రం అదిరితే బోల్టులు వదులయ్యాయని అర్థం, పోగు తెగుతుంది, బట్ట చెడుతుంది. మంచి సాంచ తన పని తాను చేస్తూ రాయిలా నిలబడి ఉంటుంది. కొత్త సాంచ కొన్నా, పాతది కొన్నా, ఆసామి చూసేది అదే. మా బావ అరచెయ్యి నలభై ఏళ్ళుగా నేర్చుకున్నదీ అదే.

"ఎర్రది మొత్తం అదురుతున్నది. పాత సాంచ తీర్గ. గిది సూడు, ఎంత గట్టిగున్నదో. మంచి సరుకు కదలది బామ్మర్ది" అన్నాడు.

"వాహ్" అన్నాడు పెద్దమనిషి. ఆయన నిజంగానే అన్నాడు, బేరం కోసం కాదు. నేనూ తల ఊపాను. పద్దెనిమిది వేలకు తెగింది. అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. ఆ రెండింటిలో మంచిది అదే. ఇప్పుడు వెళ్ళి తెలిసిన వాళ్ళు ఎవరిని అడిగినా అదే చెబుతారు. బాధల్లా అదే. మోసపోయి ఉంటే ఎవరినైనా తిట్టుకునే వాళ్ళం.

నేను కూడా సిరిసిల్ల బస్సే ఎక్కాను. గిటారుకు తగిలించడానికి నా చిన్న స్పీకరు డబ్బా ఒకటి కోరుట్ల నుంచి మోసుకొచ్చాను. బస్సులో మా బావ గిటారును పైన పెట్టనివ్వలేదు. కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. కండక్టరు టికెట్టు అడిగితే, నా ముఖం చూసి, "దీనికి గూడ కొట్టమను" అన్నాడు. అంత సంతోషంగా ఆయన మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. చుట్టుపక్కల షెడ్లలో సాంచలు నడుస్తున్నాయి. మా అక్క ఒళ్ళో చాట పెట్టుకుని గడప దగ్గర బీడీలు చుడుతోంది. నేను వైర్లు తగిలించాను. మా బావ మంచం అంచున కూర్చుని, షర్టు చేతులు మడిచి, వాయించాడు.

మామూలుగా నేను దేనికైనా ఒకటికి పది కలిపి చెబుతాను. దీనికి కలపడానికి ఏమీ లేదు. పాత పెళ్ళి పాట. ఆయన వేళ్ళు దేన్నీ మరిచిపోలేదు. ఆ తీగల్లోంచి వచ్చిన నాదం సన్నగా, నిండుగా, చివర తెగకుండా సాగి సాగి ఆగుతోంది. మా అక్క చేతిలో బీడీ ఆకు సగం చుట్టి అలాగే ఉండిపోయింది.

మా బావ తీగల వైపు చూడటం లేదు. నా ముఖం చూశాడు. మా అక్క ముఖం చూశాడు. మళ్ళీ నా ముఖం.

"మోగుతుందా?" అన్నాడు.

"మోగుతుంది బావా. మస్తుగ మోగుతుంది."

"ఎట్ల మోగుతుంది?"

కోడెల గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పిన నోరు, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పమంటే తెరుచుకోలేదు. డబ్బా మోత పెంచమని సైగ చేశాడు. పెంచాను. ఇంకా పెంచమన్నాడు. పక్కింటి వాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "బుర్రుమంటుంది. ఏదో సాంచ దూరంల నడిసినట్టు. ఏ తీగ ఏదో తెలుస్తలేదు" అన్నాడు. చెవి పక్కన చెయ్యి వేసుకుని నొక్కుకున్నాడు. నేను డబ్బా ఆపేశాను.

అప్పుడు గిటారు కొమ్మును దవడకు ఆనించుకున్నాడు. మీటాడు. పళ్ళ మధ్య పట్టుకుని మీటాడు. ఒక్కొక్క తీగ, దుకాణంలో చేసినట్టే. కళ్ళు మూసుకోలేదు. చివరికి గిటారును ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, దాని మీద అరచెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు.

"ఎర్రది మోగింది. నా దవడల మోగింది. ఏ తీగ ఏదో తెలిసింది. నేను దాన్ని అదురుడు అనుకున్న" అన్నాడు. మళ్ళీ మెల్లగా అన్నాడు: "నేను సాంచ కొన్న బామ్మర్ది. గిటార్ కొనలే."

మా అక్క చాట పక్కన పెట్టి, "ఏమాయె, పోయి మార్సుకొని రాండ్రి. దుకాణం యాడికి పోతది" అంది.

ఆ వారంలోనే ఇద్దరం మళ్ళీ జగిత్యాల వెళ్ళాం. ఆ పెద్దమనిషి మేం చెప్పిందంతా కళ్ళజోడు తీసి విన్నాడు. లేచి గోడ మీది ఎర్ర గిటారు దించి, తువ్వాలతో తుడిచి మా బావ చేతికిచ్చాడు. మిగిలిన డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. తిరుగు బస్సులో మా బావ ఆ కొమ్మును దవడకు ఆనించి వాయించుకుంటూ కూర్చున్నాడు. "ఏందయ్యా గది, చెరుకు గడనా, కొరుకుతున్నవ్?" అని కండక్టరు అడిగితే బస్సంతా నవ్వింది. కొండగట్టు స్టేజీ దగ్గర గుండ్లు కొట్టించుకున్న భక్తులు ఎక్కి, ఆయన చుట్టూ నిలబడ్డారు. ఒక ముసలమ్మ, "పాట మంచిగున్నది బిడ్డా" అంది. ఆయన ఆమె పెదవులు చూసి, "నాకు గూడ ఇనవడుతుందమ్మా" అన్నాడు.

ఇక్కడ ఆగాలి. ఈ చివరి బస్సు జరగలేదు. ముసలమ్మ లేదు, చెరుకు గడ లేదు, మేం రెండోసారి జగిత్యాల పోనే లేదు. మా అక్క మార్చుకు రమ్మన్నంత వరకు ఒట్టు నిలుస్తుంది. ఆ తర్వాతిది నేను కట్టింది. దాన్ని కోరుట్లలో ఎంతమందికి చెప్పానంటే, చెప్పి చెప్పి ఆ ముసలమ్మ చీర రంగు కూడా నాకు కనిపిస్తుంది.

జరిగింది ఇది. నేను దుకాణానికి ఫోన్ చేశాను. ఎర్రది ఇంకా గోడకే ఉందనీ, తెస్తే మార్చి ఇస్తాననీ ఆ పెద్దమనిషి అన్నాడు. ఆ మాట చెప్పడానికి సిరిసిల్ల వెళ్ళి మా బావ ఎదురుగా కూర్చున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేసిన బట్టల తప్పుంటే కొనే సేటు తాన్లు వాపస్ కొడతడు. వాపస్ అచ్చిన తానును బుజానేసుకొని బజార్ల నడిసినవా నువ్వు ఎన్నడన్న? నేను నడిసిన. ఎవలు ఏమనకున్నా తల ఎత్తబుద్ది కాదు. తప్పుంటే సరే, పడాలె. దీంట్ల ఏం తప్పున్నదని వాపస్ ఇయ్యాలె?"

"తప్పున్నదని ఎందుకు చెప్తం బావా? ఏదో ఒక కత చెప్త నేను."

"నీ కతలు నాకద్దు. తప్పు లేని మాల్ వాపస్ ఇయ్యద్దు. తప్పు చెవిది."

మా అక్క బతిమాలింది, అలిగింది, రెండు రోజులు ఆయన వైపు తిరిగి మాట్లాడలేదు. ముఖం తిప్పుకుంటే ఆయనకు మాటే అందదు కాబట్టి, అది వాళ్ళ ఇంట్లో పెద్ద శిక్ష. ఆయన కదలలేదు. కొన్నాళ్ళకు ఎర్ర గిటారు ఎవరికో అమ్ముడుపోయింది. అలాంటిదే ఇంకొకటి కొందామని నేనంటే, ఇంట్లో మంచిది ఉండగా ఇంకోటి ఎందుకన్నాడు.

కిందటి చలికాలంలో కుడి చెవి కూడా పోయింది. సాంచలు బంద్ ఉన్న రోజు స్నానం చేసి, గిటారు తుడిచి, మంచం అంచున కూర్చుని ఇప్పటికీ వాయిస్తాడు. మా అక్క ఎదురుగా కూర్చోవాలి. ఆయన వేళ్ళతో వాయించి ఆమె ముఖంలో వింటాడు. మొన్న నేను వెళ్ళినప్పుడు కూడా ఆ పాటే వాయించాడు. నడిమి తీగ ఒకటి కొంచెం దిగింది. పాట అక్కడికి వచ్చినప్పుడల్లా పక్కకు ఒరిగి, మళ్ళీ దారిన పడుతోంది. మా అక్క మాత్రం తల మెల్లగా ఊపుతూ, చిరునవ్వు చెదరకుండా కూర్చుంది.

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాక అడిగాను. "అక్కా, గా తీగ దిగింది. నీకు తెలుస్తలేదా?"

"నెల నుంచి గట్లనే ఉన్నది" అంది.

"మరి చెప్పరాదు?"

చాట ఒళ్ళోకి లాక్కుని, కత్తెరతో ఆకు కత్తిరించింది. "చెప్తే ఇగ దాన్ని ముట్టడు తమ్మీ."